ఏ మందూ ఇవ్వని గుంపు

క్లోరోమైసెటిన్ అన్న పేరు మన ఇళ్లలో పెద్దవాళ్లకి బాగానే తెలుసు. టైఫాయిడ్ వస్తే ఆ గొట్టాలు మింగించేవాళ్లు. కళ్లకలక వస్తే మెడికల్ షాపు నుంచి ఆప్లికాప్స్ తెచ్చి, మూతి కత్తిరించి కంట్లో పిండేవాళ్లు. మందు అసలు పేరు క్లోరామ్‌ఫెనికాల్. 1947లో వెనిజులా మట్టిలో దొరికిన ఒక స్ట్రెప్టోమైసిస్ సూక్ష్మజీవి నుంచి తీశారు. పార్క్-డేవిస్ కంపెనీ దానికి క్లోరోమైసెటిన్ అని పేరు పెట్టి అమ్మింది. 1948లో అమెరికన్ డాక్టర్లు కొందరు స్క్రబ్ టైఫస్ మీద దీన్ని పరీక్షిద్దామని కౌలాలంపూర్ వెళ్లారు. స్క్రబ్ టైఫస్ అనుకుని మందిచ్చిన రోగుల్లో కొందరిది నిజానికి టైఫాయిడ్ అని తర్వాత తేలింది. విశేషం ఏంటంటే వాళ్లకీ తగ్గిపోయింది. అప్పటిదాకా టైఫాయిడ్ అంటే లంఖణాలు, వారాల తరబడి జ్వరం, గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూసే చుట్టాలు. ఈ మందుతో జ్వరం నాలుగైదు రోజుల్లో దిగడం మొదలైంది. దీని వల్ల అరుదుగా ఎముక మజ్జ ఎండిపోతుందని 1952 కల్లా అమెరికాలో హెచ్చరికలు వచ్చినా, దాని పరపతి మాత్రం పెద్దగా తగ్గలేదు.

అదే మందుని అదే కాలంలో అప్పుడే పుట్టిన పిల్లలకి కూడా ఇచ్చారు. జబ్బు చేసిన పిల్లలకే కాదు, జబ్బు చేస్తుందేమో అన్న భయంతో ఏ లక్షణమూ లేనివాళ్లకి కూడా.

ఆ భయాన్ని తక్కువ చేసి మాట్లాడలేం. అమెరికాలో యేల్ యూనివర్సిటీ ఆసుపత్రి 1928 నుంచి పసిపిల్లల రక్తంలో వచ్చే ఇన్ఫెక్షన్ల లెక్క రాసిపెడుతూ వచ్చింది. ఎథెల్ డనమ్ అనే డాక్టరు మొదలుపెట్టిన పద్దు అది. దాదాపు ఎనభై ఏళ్ల పాటు ఒకే ఆసుపత్రి, ఒకే రకం జబ్బు. మా వృత్తిలో ఇలాంటి లాగ్ దొరికితే పండగ చేసుకుంటాం. తొలి ఏళ్లలో, అంటే యాంటీబయాటిక్స్ ఏవీ లేని రోజుల్లో, రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకిన పసికందుల్లో సుమారు 87 శాతం చనిపోయారు. 2003కి వచ్చేసరికి ఆ అంకె 3 శాతం దగ్గరికి దిగింది. యాంటీబయాటిక్స్ మీద ఎవరు ఏం రాసినా ఈ రెండంకెల మధ్య దూరాన్ని మర్చిపోయి రాయకూడదు. ఇంక్యుబేటర్లూ, శ్వాస యంత్రాలూ, నర్సుల నైపుణ్యమూ అందులో కలిసే ఉన్నాయి గానీ, పెద్ద వాటా మందులదే.

పైగా పసికందులో ఇన్ఫెక్షన్ మొదలైతే చెప్పి రాదు. జ్వరం రావాలని లేదు, ఒక్కోసారి ఒళ్లు చల్లబడుతుంది. పాలు సరిగ్గా తాగడు, కాస్త మందకొడిగా ఉంటాడు. ఈ లక్షణాలు ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా ఏదో ఒక పూట కనపడేవే. సాయంత్రం మందకొడిగా ఉన్నవాడు తెల్లారేసరికి ఉండకపోవచ్చు. ఇక నెలలు నిండకుండా పుట్టినవాళ్ల విషయం చెప్పక్కర్లేదు. తల్లికి ఉమ్మనీరు ముందే పోయి, కాన్పు అవడానికి ఒక రోజు దాటిందనుకోండి, ఈలోగా క్రిములు లోపలికి పాకి ఉంటాయన్నది డాక్టర్ల అనుమానం. సల్ఫా మందులు చేతికొచ్చాయి, పెన్సిలిన్ చేతికొచ్చింది. పిల్లలు చనిపోతున్నారు. అలాంటప్పుడు ముందే రెండు ఇంజెక్షన్లు ఇచ్చేస్తే తప్పేముంది?

ఈ ప్రశ్నకి మొదటి జవాబు న్యూయార్క్‌లో దొరికింది. దాన్ని వెతుకుతున్నవాళ్లకి మాత్రం కాదు.

న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీకి చెందిన బేబీస్ హాస్పిటల్‌లో నెలలు నిండని పిల్లల వార్డు చూసే డాక్టరు విలియం సిల్వర్‌మన్. ఆయనకి అప్పటికే ఒక దెబ్బ తగిలి ఉంది. నెలలు నిండని పిల్లల చూపు పోతుంటే, ఏసీటీహెచ్ అనే హార్మోను ఇస్తే ఆగుతోందని ఆయన, ఆయన సహచరులు నమ్మారు. ఇచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి చూపు దక్కింది కూడా. అదే ఊళ్లో లింకన్ హాస్పిటల్‌లో ఆ మందు ఇవ్వని కొద్దిమంది పిల్లల్లో దాదాపు అందరికీ చూపు పోయిందని కూడా తెలిసింది. సరే తేల్చుకుందామని పిల్లల్ని రెండు గుంపులు చేసి, ఎవరికి మందు, ఎవరికి లేదు అన్నది తమ ఇష్టాన్ని బట్టి కాకుండా చీటీల పద్ధతికి వదిలేశారు. లెక్క తేలేసరికి మందు తీసుకున్నవాళ్లలో మూడో వంతు మందికి చూపు పోయింది. తీసుకోనివాళ్లలో అయిదో వంతు మందికే పోయింది. మందు గుంపులో ఇన్ఫెక్షన్లతో చావులు కూడా ఎక్కువ.

దాంతో సిల్వర్‌మన్ తన కళ్లని తానే నమ్మడం మానేశాడు. ఈ సంగతి తెలియకుండా మిగతా కథ చెబితే ఆయన ఏదో అదృష్టవశాత్తూ కనిపెట్టాడనిపిస్తుంది.

ఆ వార్డులో పిల్లలందరికీ ముందు జాగ్రత్తగా పెన్సిలిన్, దాంతో పాటు సల్ఫిసాక్సజోల్ అనే సల్ఫా మందు ఇవ్వడం రివాజు. అంతలో ఆక్సీటెట్రాసైక్లిన్ అనే కొత్త మందు ప్రస్తావన వచ్చింది. ఇవ్వడం సులువు, కాబట్టి పాతదాన్ని వదిలి దీనికి మారిపోదామన్నారు. అనుమానమంతా కొత్తదాని మీదే. అందుకే మారే ముందు రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలని సిల్వర్‌మన్ పట్టుబట్టాడు. రెండువందలకి కొంచెం తక్కువ మంది పిల్లల్ని రెండు గుంపులుగా పంచారు. ఫలితం 1956లో పీడియాట్రిక్స్ పత్రికలో అచ్చయింది. చావులు ఎక్కువగా ఉన్నది కొత్త మందు గుంపులో కాదు. ఏళ్ల తరబడి అందరూ నిశ్చింతగా వాడుతున్న పెన్సిలిన్-సల్ఫా గుంపులో. చనిపోయిన పిల్లల మెదడు పరీక్షిస్తే లోపలి కేంద్రకాలు పసుపు రంగులో ఉన్నాయి. దాన్ని కెర్నిక్టెరస్ అంటారు, పచ్చకామెర్లు మెదడుకి ఎక్కడం అన్నమాట. ఆ వ్యాసం రాసినవాళ్లలో డొరొతీ ఆండర్సన్ కూడా ఉంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బుని 1938లో విడదీసి వివరించిన పాథాలజిస్టు ఆవిడే.

ఎందుకిలా జరిగిందన్నది అప్పటికి తెలీదు. ఎవరు చనిపోతున్నారో తెలిసింది, అంతే. కారణం తర్వాత దొరికింది. 1959లో జెరార్డ్ ఒడెల్ అనే డాక్టరు రక్తంలో బిలిరుబిన్ ఎలా ప్రయాణిస్తుందో చూపించాడు. పాత ఎర్రకణాలు విరిగినప్పుడు పుట్టే పసుపు పదార్థం బిలిరుబిన్. ఆల్బుమిన్ అనే ప్రొటీన్ దాన్ని ఎక్కించుకుని లివర్ దాకా తీసుకెళ్లి దింపుతుంది. సల్ఫా మందుకి కూడా అదే బస్సు కావాలి. పైగా ఇది మన పల్లెవెలుగులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టే రకం. బిలిరుబిన్‌ని లేపేసి తను కూర్చుంటుంది. దిగిపోయిన బిలిరుబిన్ రక్తంలో ఉండదు, కొవ్వున్న చోటికి, అంటే మెదడులోకి, వెళ్లి కూర్చుంటుంది.

ఇందులో నాకు నిద్ర పట్టనివ్వని వివరం ఒకటుంది. సల్ఫా తీసుకున్న పిల్లల రక్తంలో బిలిరుబిన్ తక్కువే కనిపించేది. అంటే రక్తపరీక్ష చేసి చూసిన డాక్టరుకి పరిస్థితి మెరుగ్గానే ఉన్నట్టు లెక్క. డాష్‌బోర్డు మీద అన్నీ పచ్చలైట్లు, వెనకాల సర్వర్ తగలబడుతోంది. నెలలు నిండని పిల్లలు ఎటూ చాలామంది చనిపోయేవాళ్లు కాబట్టి, అదనంగా ఇంకో పదిమంది పోతే తేడా ఎవరికీ కనపడదు. ఒక్కొక్క చావూ విడిగా చూస్తే సహజంగానే ఉంటుంది. బిడ్డ చిన్నది, బరువు తక్కువ, దేవుడు తీసుకెళ్లాడు. పక్కన ఇంకో గుంపు, దాని లెక్కా లేకపోతే ఆ వార్డులో ఇంకో పదేళ్లు కూడా అదే మందు ఇచ్చేవాళ్లేమో.

ఇంతకీ ఆ పోటీలో గెలిచిన ఆక్సీటెట్రాసైక్లిన్ సంగతి కూడా చెప్పాలి. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్. 1948లో లెడర్లీ సంస్థలో బెంజమిన్ డగ్గర్ దాన్ని బయటికి తెచ్చినప్పుడు అక్కడి పరిశోధనకి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది ఆయన పోయాడు. సుబ్బారావు గురించి తెలుగులో రాసే ప్రతివాళ్లూ ఆరియోమైసిన్ దగ్గర ఒకసారి ఆగి గర్వపడతారు, నేనూ పడతాను. ఆ గర్వానికి ఒక అనుబంధం ఉంది. ఈ కుటుంబం మందులు కాల్షియంతో జతకట్టి పెరుగుతున్న ఎముకల్లోకీ పళ్లలోకీ చేరతాయి. పసితనంలో టెట్రాసైక్లిన్ తీసుకున్న పిల్లలకి పళ్లు పసుపు, గోధుమ రంగుల్లో రావడం గురించి 1962లో లాన్సెట్ రాసింది. అంటే న్యూయార్క్ పోటీలో ఒక మందు నెగ్గింది నిజమే గానీ, రెండో మందు కంటే మెరుగు అని మాత్రమే తేలింది. అసలు ఏ మందూ ఇవ్వకపోతే ఏమయ్యేది? ఆ ప్రయోగంలో ఈ ప్రశ్నకి చోటే లేదు.

ఆ చోటు లాస్ ఏంజెలస్‌లో పెట్టారు.

అప్పటికి ఆసుపత్రుల్లో కొత్త గండం వచ్చి పడింది. పెన్సిలిన్‌కి లొంగని స్టెఫిలోకాకస్ ఒకటి, 80/81 అనే నంబరుది, 1953లో ఆస్ట్రేలియాలో బయటపడి, కొద్ది ఏళ్లలో దేశదేశాల పసిపిల్లల వార్డుల్లో తిరగడం మొదలుపెట్టింది. పెన్సిలిన్ పనిచేయని చోట డాక్టర్లు క్లోరామ్‌ఫెనికాల్ అందుకున్నారు. లాస్ ఏంజెలస్ కౌంటీ ఆసుపత్రిలో బర్న్స్, హాడ్జ్‌మన్, కాస్ అనే ముగ్గురు డాక్టర్లు, ఉమ్మనీరు పోయి 24 గంటలు దాటాక, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని నాలుగు గుంపులుగా పంచారు. ఒక గుంపుకి క్లోరామ్‌ఫెనికాల్. ఇంకో గుంపుకి పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్. మరో గుంపుకి మూడూ కలిపి. నాలుగో గుంపుకి ఏ మందూ లేదు.

ఆ నాలుగో గుంపు పెట్టడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. చుట్టూ స్టెఫిలోకాకస్, చేతిలో మందు, ఎదురుగా ఒకటిన్నర కిలోల బిడ్డ. మందు ఇచ్చినా పోతే దేవుడి మీదకి పోతుంది, ఇవ్వకుండా పోతే డాక్టరు మీదకి వస్తుంది.

1959 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆ పట్టిక అచ్చయింది. ఏ మందూ ఇవ్వని గుంపులో చనిపోయినవాళ్లు 19 శాతం. పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ గుంపులో 18 శాతం. క్లోరామ్‌ఫెనికాల్ గుంపులో 60 శాతం. మూడూ కలిపి ఇచ్చిన గుంపులో 68 శాతం.

మొదటి రెండంకెల్ని కూడా వదిలేయొద్దు. అందరి కళ్లూ 60 మీదా 68 మీదా పడతాయి గానీ, 19కీ 18కీ తేడా ఏముంది? మందు చంపకపోయినా, ఆ పిల్లలకి ముందు జాగ్రత్త వల్ల ఒరిగిందేమీ కనపడలేదు. చిన్న గుంపులు కాబట్టి దీని మీద పెద్ద సిద్ధాంతాలు కట్టలేం. అయినా మూడు మందులు వాడిన గుంపుకంటే ఏదీ వాడని గుంపు మూడు రెట్లు మెరుగ్గా ఉందన్న లెక్కని చూసినప్పుడు, ఆ వార్డులో పనిచేసినవాళ్లు ఆ రాత్రి ఇంటికెళ్లి ఏం మాట్లాడుకున్నారో అని ఊహించుకుంటాను.

పిల్లలు పోయిన తీరు ఒకేలా ఉంది. మందు మొదలుపెట్టిన రెండు మూడు రోజులకి పాలు మానేస్తారు, వాంతులు, పొట్ట ఉబ్బుతుంది, ఊపిరి ఎగశ్వాసగా మారుతుంది. ఒళ్లు చల్లబడి, వేలాడిపోయి, చర్మం బూడిద రంగుకి తిరుగుతుంది. చాలామంది ఆ తర్వాత ఒక రోజులోపే పోయారు. గ్రే బేబీ సిండ్రోమ్ అన్న పేరు అలా వచ్చింది. పైన రాసిన లక్షణాలు ఇంకోసారి చదవండి. రంగు మినహా దాదాపు అన్నీ రక్తంలో ఇన్ఫెక్షన్ పాకినప్పుడు కనపడేవే. ఏ భయంతో మందు మొదలుపెట్టారో, మందే ఆ భయం వేషం వేసుకుని వచ్చింది. అప్పుడు పక్కనున్న డాక్టరుకి తోచేదేంటి? మందు చాలట్లేదని.

ఎందుకు అన్న దానికి ఈసారి త్వరగానే జవాబొచ్చింది. 1960లో వైస్, గ్లాజ్కో, వెస్టన్ అనే ముగ్గురు రక్తంలో మందు ఎంతసేపు నిలుస్తుందో కొలిచారు. పెద్ద పిల్లల్లో అది సగానికి తగ్గడానికి నాలుగు గంటలు పడితే, ఒకటి రెండు రోజుల బిడ్డలో 26 గంటలు పట్టింది. లాస్ ఏంజెలస్‌లో రోజుకి కిలోకి 100 నుంచి 165 మిల్లీగ్రాముల డోసు వాడారు. మొదటి రోజు డోసు ఇంకా ఒంట్లో ఉండగానే రెండో రోజుది, మూడో రోజుది వచ్చి చేరుతూ పోయింది. అలా పోగుపడ్డ మందు గుండె సహా కణాల్లో శక్తి తయారయ్యే చోటే దెబ్బ కొట్టింది. ఆ తర్వాత నెలలు నిండని పిల్లలకి రోజుకి కిలోకి 25 మిల్లీగ్రాములు దాటొద్దన్నారు. డోసుని బరువుతో గుణిస్తే చాలనుకున్నారు అప్పటిదాకా, పసికందంటే కుదించిన మనిషి అన్నట్టు.

న్యూయార్క్ కథా, లాస్ ఏంజెలస్ కథా వేర్వేరు మందులవి, వేర్వేరు ఊళ్లవి. కానీ రెంటికీ వెనకున్న అవయవం ఒకటే. ఒంట్లోంచి ఏదైనా బయటికి పంపాలంటే లివర్ దానికి గ్లూకురోనిక్ ఆమ్లం అనే తోక తగిలించి నీళ్లలో కరిగేలా చేస్తుంది. బిలిరుబిన్‌కీ అదే తోక, క్లోరామ్‌ఫెనికాల్‌కీ అదే తోక. ఆ తోక తగిలించే ఎంజైమ్ పుట్టిన మొదటి రోజుల్లో ఇంకా పూర్తిగా పని మొదలుపెట్టి ఉండదు. కడుపులో ఉన్నన్నాళ్లూ ఆ పని తల్లి చూసుకుంది కదా. అందుకే మూడో రోజున దాదాపు ప్రతి ఇంట్లో పసిబిడ్డ కాస్త పచ్చబడతాడు, పెద్దవాళ్లు పొద్దున్నే లేత ఎండలో పట్టుకోమంటారు. మనందరం చూసిన ఆ మామూలు పచ్చదనమే, ఆ లివర్ ఇంకా డ్యూటీ ఎక్కలేదని చెప్పే గుర్తు. ఆ గుర్తు కళ్ల ముందే ఉండగా మందులు పోశారు.

మా ఆఫీసులో యాప్‌లో ఒక బటన్ రంగు మార్చాలన్నా సగం మందికి పాతది, సగం మందికి కొత్తది చూపించి లెక్క చూస్తాం. దాన్ని ఏబీ టెస్ట్ అని గొప్పగా చెప్పుకుంటాం. కొత్తగా చేరినవాళ్లకి నేను ఈ రెండు వార్డుల కథలు చెప్తుంటాను, వాళ్లు మొహమాటానికి వింటారు. మా దగ్గర పందెం ఒక క్లిక్కు. అక్కడ చీటీలో ఎవరి పేరు ఏ గుంపులో వస్తే వాళ్ల బతుకు అటు. క్లోరామ్‌ఫెనికాల్ గుంపుల్లో పడ్డ పిల్లల చావులు ఒక పట్టికలోకి ఎక్కాయి, ఆ మందు డోసుని దేశదేశాల్లో మార్చాయి. అదే ఏళ్లలో అదే మందు, గుంపులూ పట్టికలూ లేకుండా, మంచి ఉద్దేశంతోనే తీసుకున్న పిల్లలు ఎందరో మిగతా ఊళ్లలో ఉన్నారు. వాళ్ల కేసుషీట్లలో ఇన్ఫెక్షన్ అని రాసి ఉంటుంది. పంచి చూడటం క్రూరమని అనేవాళ్లకి సిల్వర్‌మన్ జీవితాంతం చెప్పిన జవాబు దాదాపుగా ఇదే. రిటైరయ్యాక ఆయన ఒక వైద్య పత్రికలో 'మాల్‌కంటెంట్' అన్న మారుపేరుతో కాలమ్ రాసేవాడు, అంటే ఏదీ ఒక పట్టాన నచ్చని మనిషి. 2004లో పోయాడు.

నేను ఇదంతా చదవడం మొదలుపెట్టింది మా అబ్బాయి పుట్టాక. ఉమ్మనీరు పోయి ఇరవై గంటలు దాటాక పుట్టాడు. బాగానే ఏడ్చాడు, పాలు తాగాడు. అయినా ముందు జాగ్రత్తగా ఎన్‌ఐసీయూలో పెట్టి, చిన్న చేతికి అంతకంటే చిన్న అట్టముక్క కట్టి, ఆంపిసిలిన్, జెంటామైసిన్ అయిదు రోజులు ఇచ్చారు. బ్లడ్ కల్చర్ నెగటివ్ వచ్చింది. డిశ్చార్జి కాగితం మీద 'ప్రాబబుల్ సెప్సిస్' అని ఉంది. మా అత్తగారు ఆ మాటకి అర్థం అడిగితే 'ఉండొచ్చు, ఉండకపోవచ్చు' అన్నాను. 'మరి మందు మాత్రం ఉందిగా' అంది ఆవిడ. ఆ డాక్టరు మీద నాకే కోపమూ లేదు. ఆ కుర్చీలో నేనున్నా అదే రాసేవాణ్ణి.

ఎందుకంటే ఆ జంట మందుల వెనక కూడా ఒక గట్టి చరిత్రే ఉంది. 1970ల్లో అమెరికాలో గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ పుట్టిన గంటల్లోనే పిల్లల్ని తీసుకెళ్లిపోయేది. ఆంపిసిలిన్, జెంటామైసిన్ జంట ఆ క్రిమికీ, ఈ. కోలైకీ కలిపి కాపలా కాసింది. తర్వాత నొప్పులు పడుతున్న తల్లికే పెన్సిలిన్ ఇవ్వమని 1996లో సలహాలొచ్చాయి, 2002లో ప్రతి గర్భిణికీ పరీక్ష చేయమన్నారు. 1990ల మొదట్లో వెయ్యికి ఇద్దరికి కాస్త తక్కువగా వస్తున్న ఆ జబ్బు నలుగురిలో మూడొంతులు పైగా తగ్గింది. ఇదీ ముందు జాగ్రత్తే, కానీ కొలిచి చూసిన ముందు జాగ్రత్త.

కొలవనిది ఎలా ఉంటుందో కాలిఫోర్నియా లెక్క చెప్తుంది. 2013లో అక్కడి 127 ఎన్‌ఐసీయూల్లో పిల్లలకి యాంటీబయాటిక్స్ ఎన్ని రోజులిచ్చారో పోల్చి చూశారు. ఆసుపత్రికీ ఆసుపత్రికీ తేడా నలభై రెట్లు. ఒకచోట పిల్లలున్న ప్రతి వంద రోజుల్లో రెండు రోజులు మందు నడిస్తే, ఇంకోచోట తొంభై ఏడు. రుజువైన ఇన్ఫెక్షన్లు చూస్తే దాదాపు సమానం. అంటే ఆ తేడా పిల్లల్లో లేదు, రాసే చేతుల్లో ఉంది. మాటల్లో చెప్పాలంటే, డీఫాల్ట్ సెట్టింగ్ ఏది ఉంటే అది.

ఎక్కువ రోజులిస్తే ఏం పోతుంది అన్నదానికి 2009లో ఒక సూచన వచ్చింది. వెయ్యి గ్రాముల లోపు బరువున్న 5,693 మంది పిల్లల రికార్డుల్లో, కల్చర్ నెగటివ్ వచ్చినా అయిదు రోజులు, అంతకు మించి మందు కొనసాగించినవాళ్లలో పేగులు కుళ్లే జబ్బూ, చావులూ ఎక్కువగా కనిపించాయి. ఇది చీటీలేసి పంచిన ప్రయోగం కాదు. జబ్బుగా ఉన్నవాళ్లకే ఎక్కువ రోజులిచ్చి ఉండొచ్చు. పరిశోధకులు ఆ తేడాల్ని లెక్కలోంచి తీసేయడానికి ప్రయత్నించారు, అయినా సిల్వర్‌మన్ బతికుంటే ఒప్పుకునేవాడు కాదనుకుంటా.

కాలిఫోర్నియాలోనే కైసర్ పర్మనెంటే ఆసుపత్రులు ఇంకో దారి పట్టాయి, అది నాలాంటివాడికి ముచ్చటేసే దారి. ఆరు లక్షల పైచిలుకు కాన్పుల వివరాలు తీసుకుని, తల్లి జ్వరం, ఉమ్మనీరు పోయి ఎన్ని గంటలు, ఎన్నో వారం, బిడ్డ ఎలా ఉన్నాడు అన్నవాటి నుంచి ఇన్ఫెక్షన్ అవకాశం ఎంతో చెప్పే లెక్క ఒకటి తయారుచేశారు. వెబ్ పేజీలో అయిదారు గడులు నింపితే అంకె వస్తుంది. దాన్ని వాడటం మొదలుపెట్టాక మొదటి రోజే యాంటీబయాటిక్ పడే పిల్లలు 5 శాతం నుంచి 2.6 శాతానికి తగ్గారు. రెండు లక్షల పైన పిల్లల్ని చూశారు, దానివల్ల నష్టం పెరిగినట్టు కనపడలేదు. ఏ మందూ ఇవ్వని గుంపు మళ్లీ వచ్చిందన్నమాట, ఈసారి చీటీతో కాదు, గుణకారంతో.

దీన్ని తీసుకొచ్చి ఇక్కడ పెట్టేయొచ్చు కదా అని ఇంజనీరు బుర్రకి వెంటనే తోస్తుంది. నాకూ తోచింది. ఢిల్లీలో మూడు పెద్ద ఆసుపత్రుల్లో 2011 నుంచి 2014 దాకా 13,530 మంది పసికందుల్ని చూసిన అధ్యయనం చదివాక ఆగాను. అక్కడ చేరినవాళ్లలో 14.3 శాతానికి సెప్సిస్. కల్చర్‌లో క్రిమి దొరికింది 6.2 శాతానికే. మూడింట రెండొంతుల కేసులు పుట్టిన 72 గంటల్లోపువి. దొరికిన క్రిముల్లో మొదటి స్థానం గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్‌ది కాదు, అసినెటోబాక్టర్‌ది, 22 శాతం. తర్వాత క్లెబ్సియెల్లా, ఈ. కోలై. ఆ అసినెటోబాక్టర్‌లో నూటికి 82 పాళ్లు అనేక రకాల మందులకి లొంగనివి. ఇవి తల్లి దగ్గర్నుంచి వచ్చే క్రిముల్లా లేవు. పురిటి గదిలో, సింకుల్లో, ట్యూబుల్లో, మనుషుల చేతుల మీద ఉండేవి. ఆంపిసిలిన్, జెంటామైసిన్ జంట వీటి ముందు చాలాసార్లు పనికిరాదు. కాబట్టి ఇంకా పెద్ద మందులు, ఆ తర్వాత ఇంకా పెద్దవి. 2023లో అచ్చయిన ఇంకో అధ్యయనంలో, మన దేశంతో సహా 11 దేశాల ఆసుపత్రుల్లో మూడు వేల పైచిలుకు జబ్బుపడ్డ పసిపిల్లలకి రెండు వందలకి పైగా రకాల యాంటీబయాటిక్ కలయికలు వాడారు. రెండు వందల కలయికలంటే ఏది పనిచేస్తుందో తేల్చిచెప్పే పట్టిక ఎవరి దగ్గరా లేదని.

కైసర్ వాళ్ల పేజీ ఇప్పుడు ఎవరైనా తెరవొచ్చు. అందులో మొదటి గడి బిడ్డ గురించి కాదు. మీ ప్రాంతంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో ఎందరికి ఈ ఇన్ఫెక్షన్ వస్తుందో ఎంచుకోమంటుంది. మన ఊళ్లలో ఒక ఆసుపత్రి ఆ గడి నింపాలంటే, మందు మొదలుపెట్టే ముందు ప్రతి బిడ్డ నుంచీ ఒక మిల్లీలీటరు రక్తం తీసి కల్చర్‌కి పంపి ఉండాలి. వచ్చిన ఫలితాలన్నీ ఏళ్ల తరబడి ఒక పుస్తకంలో రాసిపెట్టి ఉండాలి, 1928లో ఎథెల్ డనమ్ మొదలుపెట్టినట్టు.